ఎలిజబెత్ ఫ్రీక్ ఒడిలోకి ఆలస్యంగా వచ్చిన పాప

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ ఆర్ట్ మ్యూజియంలో ఒక పాత తైలవర్ణ చిత్రం ఉంది. ఎత్తు మీటరు దాటుతుంది, వెడల్పు మీటరుకి కాస్త తక్కువ. ముప్పై ఏళ్లు దాటిన ఒక స్త్రీ కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆమె ఒడిలో ఆరు నెలల పాప బిగుసుకుని నిలబడి ఉంటుంది. ఆమె పేరు ఎలిజబెత్ క్లార్క్ ఫ్రీక్, పాప పేరు మేరీ. బోస్టన్‌లో గీసిన బొమ్మ ఇది. గీసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లిషువాళ్ల అమెరికా వలసల్లో గీసిన బొమ్మల్లో ఇంత పేరు తెచ్చుకున్నది మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు.

ఇప్పుడు చూసేవాళ్లకు ఇది తల్లీబిడ్డల బొమ్మ. గీసినప్పుడు కాదు. 1980ల మొదట్లో దీనికి ఎక్స్‌రే తీసినప్పుడు కింద ఇంకో బొమ్మ బయటపడింది. ఆ కాలంలో తెల్ల రంగును సీసంతో తయారు చేసేవాళ్లు. సీసం ఎక్స్‌రేను అడ్డుకుంటుంది కాబట్టి పై పొరల కింద దాగిన తెల్లటి చేతులు, ముఖాలు, లేసులు ఫిల్ము మీద తేలతాయి. అలా తేలిన పాత బొమ్మలో ఎలిజబెత్ ఒంటరిగా కూర్చుని ఉంది. చేతులు ఒడిలో పెట్టుకుని ఉంది, వాటిలో బహుశా ఒక విసనకర్ర. దుస్తుల్లోనూ కొన్ని వివరాలు వేరుగా ఉన్నాయి. మొదటి బొమ్మ 1671 ప్రాంతంలో పూర్తయింది. మేరీ పుట్టింది 1674 మే నెలలో. బొమ్మ మీద పాప వయసు ఆరు నెలలని లాటిన్‌లో రాసి ఉంది. అంటే ఆ ఏడాది చివర్లో చిత్రకారుణ్ణి మళ్లీ పిలిపించారు. విసనకర్ర ఉన్నచోట పాపను వేయించారు, తల్లి చేతుల్ని పాపను పట్టుకునేలా మార్పించారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎలిజబెత్‌కు పెళ్లయింది 1661లో, పందొమ్మిదేళ్ల వయసులో. మొదటి బొమ్మ గీసేనాటికే ఆమె పిల్లల తల్లి. ఆ పెళ్లిలో ఆమెకు మొత్తం ఎనిమిది మంది పుట్టారు. అయినా మొదటి బొమ్మలో పిల్లలెవరూ లేరు. అప్పుడు చూపించదలచుకున్నది తల్లిని కాదు, జాన్ ఫ్రీక్ అనే వర్తకుడి భార్యని. అదే సైజులో భర్త బొమ్మ కూడా గీయించారు. రెండూ పక్కపక్కనే పెడితే భార్యాభర్తలు ఒకరివైపు ఒకరు తిరిగి ఉంటారు. ఆయన మెడ దగ్గర ఖరీదైన లేసు కాలరు, కోటు మీద వరసగా గుండీలు, చేతిలో చేతి తొడుగులు. ఈమె బొమ్మను ఆ జంటలో సగంగానే చదవాలి. విడిగా చూస్తే ఆమె ఒక వ్యక్తి. జంటలో చూస్తే ఒక వ్యాపార కుటుంబం తన పరపతిని గోడకు తగిలించుకున్నట్టు.

జాన్ ఫ్రీక్ ఇంగ్లండు నుంచి 1650ల చివర్లో బోస్టన్ వచ్చాడు. వర్తకం చేశాడు, కోర్టు వ్యవహారాలూ చూశాడు. ఎలిజబెత్ తండ్రి థామస్ క్లార్క్ అప్పటికే ఊళ్లో స్థిరపడిన పెద్ద వర్తకుడు. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఆ ఇంటి అల్లుడు కావడం చిన్న మెట్టేమీ కాదు. జాన్ చనిపోయినప్పుడు రాసిన ఆస్తుల లెక్కలో రెండు ఇళ్లు, భూములు, ఒక మిల్లు, ఆరు ఓడల్లో వాటాలు ఉన్నాయి. మొత్తం విలువ రెండు వేల పౌండ్లకు పైనే. అప్పటి బోస్టన్ కొన్ని వేల జనాభా ఉన్న రేవు పట్నం. అలాంటి చోట ఇది పైవరసలో లెక్కకొచ్చే ఆస్తి.

ఈ వలసను నిలబెట్టింది ప్యూరిటన్లు, అంటే కఠిన నియమాలు పాటించే ఇంగ్లిషు ప్రొటెస్టెంటు క్రైస్తవులు. ప్యూరిటన్లు అనగానే చాలామందికి నల్ల బట్టలు, ముడుచుకున్న మొహాలు, రంగులంటే గిట్టని మతం గుర్తొస్తాయి. ఆ లెక్కన ఈ బొమ్మ ఉండకూడదు. ఎలిజబెత్ వేసుకున్నది ఆకుపచ్చ ఛాయ ఉన్న పట్టు టాఫెటా గౌను. దాని కింద ఎర్రటి లోపలి లంగా, అంచుకు బంగారు రంగు పట్టీలు. చేతుల దగ్గర ఎరుపు, నలుపు రిబ్బను ముడులు. భుజాలంతా పరుచుకున్న తెల్లటి లేసు కాలరు. మెడలో మూడు పేటల ముత్యాలు, ముంజేతికి నాలుగు పేటల నల్లపూసల కడియం, వేలికి బంగారు ఉంగరం. వెనక వేలాడే తెర. కూర్చున్న కుర్చీకి టర్కీ తివాచీలను అనుకరిస్తూ ఊలుతో నేసిన రంగురంగుల గుడ్డ బిగించి ఉంది. ఇందులో బీదతనం ఎక్కడా లేదు, దాచుకోవడమూ లేదు.

అయితే ఇది మతాన్ని ధిక్కరించే బొమ్మ అనుకుంటే కూడా పొరపాటే. ప్యూరిటన్లు ప్రార్థనా మందిరాల్లో బొమ్మల్ని సహించలేదు. దేవుణ్ణి బొమ్మగా గీయడం వాళ్ల దృష్టిలో విగ్రహారాధన. మనుషుల బొమ్మల మీద అలాంటి నిషేధం లేదు. బట్టల విషయంలోనూ వాళ్ల అభ్యంతరం సింగారం మీద కన్నా, ఎవరు సింగారించుకుంటున్నారన్న దాని మీదే ఎక్కువ. 1651లో మసాచుసెట్స్ చట్టసభ అయిన జనరల్ కోర్టు ఒక చట్టం చేసింది. కంటికి కనిపించే ఆస్తి 200 పౌండ్లు దాటని కుటుంబాల్లో ఆడా మగా ఎవరూ బంగారు, వెండి లేసులు, బంగారు, వెండి గుండీలు, గజం రెండు షిల్లింగులకు మించిన ఎముక కండెల లేసు, పట్టు తలగుడ్డలు వేసుకోరాదని అందులో ఉంది. తప్పితే ప్రతిసారీ పది షిల్లింగుల జరిమానా. చిన్న స్థాయి మనుషులు పెద్దమనుషుల వేషం వేయడం అసహ్యంగా ఉందని ఆ చట్టం ముందుమాటలోనే చెప్పుకుంది.

మినహాయింపులు చూస్తే చట్టం ఉద్దేశం ఇంకా బాగా అర్థమవుతుంది. న్యాయాధికారులకు, వాళ్ల కుటుంబాలకు, సైనిక అధికారులకు, మామూలు కన్నా పై చదువు చదివినవాళ్లకు ఇది వర్తించదు. ఒకప్పుడు బాగా ఉండి ఇప్పుడు ఆస్తి కరిగిపోయినవాళ్లకూ వర్తించదు. అంటే బతికి చెడ్డవాళ్లు కూడా పట్టు కట్టుకోవచ్చు, కొత్తగా నాలుగు డబ్బులు చూసిన పనివాడి భార్య మాత్రం కట్టుకోకూడదు. ఖర్చు తగ్గించడానికి చేసిన చట్టమైతే ఇలా ఉండదు. ఎవరి అంతస్తు ఏమిటో వీధిలో చూడగానే తెలిసిపోవాలని చేసిన చట్టం ఇది.

చట్టం కాగితాలకే పరిమితం కాలేదు. 1653లో మసాచుసెట్స్‌లోనే ఎసెక్స్ కౌంటీ కోర్టు ముందు కొందరు స్త్రీలను నిలబెట్టారు. నేరం, పట్టు తలగుడ్డ, పట్టు కండువా వేసుకోవడం. భర్త ఆస్తి 200 పౌండ్లకు పైగా ఉందని రుజువు చూపినవాళ్లను వదిలేశారు. అప్పటి న్యూ ఇంగ్లండ్‌లో, అంటే మసాచుసెట్స్, దాని చుట్టుపక్కల ఇంగ్లిషు వలసల్లో, ఒక లేసు కాలరు ఎంత మాట్లాడుతుందో ఈ కేసులు చెబుతాయి. అది మెడలో ఉందంటే, దాన్ని వేసుకునే హక్కు కూడా ఉందన్నట్టే. ఎలిజబెత్ ఫ్రీక్ బొమ్మను ఈ నేపథ్యంలో చూస్తే అందులోని ప్రతి వస్తువూ ఒక రుజువు పత్రం లాంటిదే. చిత్రకారుడు లేసు మీద అంత శ్రద్ధ ఎందుకు పెట్టాడో, ముఖం కన్నా అల్లికలోని రంధ్రాలను ఓపిగ్గా ఎందుకు గీశాడో అప్పుడు అర్థమవుతుంది. మన ఇళ్లలో పాత స్టూడియో ఫోటోల్లో చేతి గడియారం కనబడేలా చెయ్యి ముందుకు పెట్టి కూర్చున్నవాళ్లను చూస్తాం. ఇక్కడ కడియం ఉన్న ముంజేయి కూడా అలాగే చూసేవాళ్ల వైపు తిరిగి ఉంది.

ఇంకో కోణం నాణేల కొరత. వలసల్లో చేతిలో ఆడే నగదు ఎప్పుడూ తక్కువే. వ్యాపారమంతా ఖాతాల మీద, అరువు మీద, మాట మీద నడిచేది. సరుకు పంపిన లండన్ వర్తకుడు డబ్బు కోసం నెలల తరబడి ఆగాలంటే, అవతలివాడు నిలదొక్కుకున్న మనిషని నమ్మకం కుదరాలి. ఆ నమ్మకాన్ని పెంచేవి చర్చి సభ్యత్వం, బంధుత్వాలు, ఊళ్లో పదవులు, ఇంటి తీరు. ఇంట్లో ముందు గదిలో తగిలించిన జంట బొమ్మలు ఆ లెక్కలో చేరేవే. భార్య ఒంటి మీది పట్టు భర్త ఖాతా పుస్తకానికి బయటి అట్ట. ఈ బొమ్మను అందం కోసమో, జ్ఞాపకం కోసమో గీయించారని మాత్రమే చెప్పే వ్యాఖ్యలు చాలా ఉన్నాయి. ఆ రెండూ ఉండొచ్చు గానీ, పరపతి మాట ఎత్తకుండా ఈ బొమ్మ పూర్తిగా అర్థం కాదు.

అయితే ఆ వస్తువులన్నీ ఎక్కడివి? బోస్టన్‌లో తయారైనది దాదాపు ఏదీ లేదు. పట్టు, లేసు, ముత్యాలు అన్నీ ఓడల్లో దిగినవే. లేసు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వెనిస్‌లోనూ ఫ్లాండర్స్‌లోనూ (ఇప్పటి బెల్జియం ప్రాంతం) స్త్రీలు సూదితోనో, ఎముకతో చేసిన చిన్న కండెలతోనో దారం అల్లి దీన్ని తయారు చేసేవాళ్లు. బెత్తెడు ముక్కకు రోజులు పట్టేది. ఫ్రాన్సులో 1665 నుంచి ప్రభుత్వమే లేసు కార్ఖానాలు పెట్టించింది, దేశం డబ్బంతా వెనిస్ లేసుకే పోతోందన్న బాధతో. నరసాపురం, పాలకొల్లు వైపు ఇళ్ల అరుగుల మీద క్రోషే లేసు అల్లే ఆడవాళ్లను చూసినవారికి ఈ పని ఎంత కళ్లు తీసేదో, అల్లినవాళ్ల చేతికి ఎంత తక్కువ దక్కుతుందో విడిగా చెప్పక్కర్లేదు. అక్కడ ఆ పని పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా మొదలైంది. ఫ్రీక్ బొమ్మలో మాత్రం లేసు ఉంది, అల్లిన చేతులు లేవు.

ఆ లేసుకు చెల్లించిన డబ్బు కూడా బొమ్మలో లేదు. బోస్టన్ వర్తకులు సంపాదించింది ఎండబెట్టిన కాడ్ చేప, కలప, పీపాల చెక్కలు, ధాన్యం, పశువులు అమ్మి. మేలైన చేప స్పెయిన్, పోర్చుగల్ వైపు వెళ్లేది. నాసిరకం చేప కరీబియన్ దీవులకు వెళ్లేది. అక్కడి చెరకు తోటల్లో బానిసలుగా పనిచేసే ఆఫ్రికన్లకు తిండిగా దాన్ని కొనేవాళ్లు. తిరుగు ప్రయాణంలో పంచదార, మొలాసిస్ అనే చెరకు మడ్డి వచ్చేవి. బోస్టన్‌కు ఆఫ్రికన్ బానిసలు వచ్చిన తొలి నమోదు 1638 నాటిది. 1641లో చేసిన కాలనీ చట్టాల్లోనే బానిసత్వానికి చోటు ఇచ్చారు. ఆరు ఓడల్లో వాటాలున్న కుటుంబం ఈ వ్యాపార వలయానికి బయట ఉండడం కుదరని పని. రేవు, ఓడలు, తోటలు, చేపల వాసన ఏవీ లేకుండా సంపద ఎక్కడి నుంచో వచ్చి ఒంటి మీద వాలినట్టు చూపించడం ధనవంతుల బొమ్మలన్నిటికీ ఉన్న అలవాటే. ఫ్రీక్ బొమ్మలో అది ఇంకాస్త శుభ్రంగా జరిగింది.

తెలుగు నేలకూ ఆ బోస్టన్‌కూ ఆ రోజుల్లోనే ఒక సన్నని దారం ఉంది. ఎలిజబెత్‌కు ఏడేళ్లప్పుడు, 1649లో బోస్టన్‌లో ఎలిహూ యేల్ పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబంతో ఇంగ్లండు వెళ్లిపోయి, తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1687లో మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గవర్నరయ్యాడు. కోరమండల్ తీరపు బట్టలు, గోల్కొండ వజ్రాలు సాగిన వ్యాపారంలో బాగా వెనకేసుకున్నాడు. అమెరికాలోని యేల్ యూనివర్సిటీకి ఆ పేరు ఆయన ఇచ్చిన విరాళం వల్లే వచ్చింది. గోల్కొండలోనూ సరిగ్గా అదే తరంలో, తానీషా ఏలుబడిలో, చిత్రకారులు మనుషుల బొమ్మల్ని వరసగా గీసి ఆల్బమ్‌లుగా యూరప్ వర్తకులకు అమ్మేవాళ్లు. వాటిలో ఎక్కువగా కనిపించేది సుల్తానులు, కొలువులోని పెద్దలు. పేరూ ఊరూ తెలిసిన ఒక వర్తకుడి భార్య బొమ్మ గీయించుకోవడం అక్కడి ఆనవాయితీ కాదు. బోస్టన్‌లో రాజు లేడు, ప్రభువులు లేరు. బొమ్మ గీయించుకునే స్థాయి వర్తకులకే దక్కింది.

ఎలిజబెత్ ధనవంతురాలు అనే మాట దగ్గర ఒక మెలిక ఉంది. ఇంగ్లిషు చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి విడిగా ఆస్తి లేదు. పెళ్లితో ఆమె చట్టపరమైన ఉనికి భర్త ఉనికిలో కలిసిపోతుంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న డబ్బు, సామాను భర్తవే. భూమి ఉంటే దాని మీద పెత్తనం, రాబడి భర్తవే. ఒంటి మీది నగలు, బట్టలు భర్త పోయాక ఆమె ఉంచుకోవచ్చు గానీ, ఆయన బతికుండగా అమ్మదలచుకుంటే అడ్డు చెప్పలేదు. స్త్రీధనం అనే భావనతో పెరిగినవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. మన దగ్గర కూడా ఆచరణలో ఆ ధనం ఎవరి చేతుల్లో ఉండేదో తెలిసిందే, అది వేరే సంగతి. కనీసం మాటకైనా ఆమె సొమ్ము అనేవాళ్లు. బోస్టన్‌లో ఆ మాట కూడా లేదు. ఎలిజబెత్ మెడలోని ముత్యాలు చట్టం దృష్టిలో, ఆమె భర్త బొమ్మలో ఉండవలసినవి.

1653 నాటి కేసుల్లో కూడా చూడండి, స్త్రీ వేసుకున్న తలగుడ్డకు లెక్క అడిగింది భర్త ఆస్తి మీద. ఆమెకు ఎంత ఉందని ఎవరూ అడగలేదు. అలాంటి వ్యవస్థలో భార్య బొమ్మ భర్త బొమ్మకు తోక కాదు, దానికన్నా ముఖ్యమైనది. మగవాడు తన డబ్బును తన ఒంటి మీద ఎక్కువగా చూపిస్తే గంభీరత పోతుంది. జాన్ ఫ్రీక్ కోటు గోధుమ రంగుది, లేసూ గుండీలూ తప్ప మిగతాదంతా అణకువే. రంగులన్నీ ఎలిజబెత్ మోసింది.

ఇప్పుడు మళ్లీ పాప దగ్గరికి వస్తే, 1674లో చేసిన మార్పు చిన్నది కాదని తెలుస్తుంది. ఆ రోజుల్లో కాన్వాసు ఖరీదు కాబట్టి పాతదాని మీదే గీశారని సరిపెట్టుకోవచ్చు. కానీ పాపకు విడిగా చిన్న బొమ్మ గీయించే స్తోమత వాళ్లకు ఉంది. అదే చిత్రకారుడు 1670లో గిబ్స్ కుటుంబం పిల్లల బొమ్మలు, మేసన్ కుటుంబం పిల్లల బొమ్మలు గీశాడు. మార్గరెట్ గిబ్స్ అనే ఏడేళ్ల పిల్ల చేతిలో విసనకర్ర పట్టుకుని పెద్దదానిలా నిలబడి ఉంటుంది. మేసన్ పిల్లల్లో అబ్బాయి చేతిలో తొడుగులు, చేతికర్ర, ఒక అమ్మాయి చేతిలో విసనకర్ర, ఇంకో అమ్మాయి చేతిలో పువ్వు. ఈ చిత్రకారుడి లోకంలో చేతిలో వస్తువు లేకుండా మనిషి లేడు. ఎలిజబెత్ మొదటి బొమ్మలో విసనకర్ర ఆ పద్ధతిలోదే. మూడేళ్ల తర్వాత ఆ చేతుల్లోకి పాపను పెట్టినప్పుడు, కొనుక్కొచ్చిన వస్తువు స్థానంలో వంశం వచ్చి చేరింది. ప్యూరిటన్ల బోధల్లో సంపదా పిల్లలూ రెండూ దేవుడి అనుగ్రహానికి గుర్తులే. ఫ్రీక్ కుటుంబం మొదటిదాన్ని 1671లో చూపించింది, రెండోది జోడించి లెక్క పూర్తి చేసుకుంది.

పాప చాలా బిగుతుగా, బొమ్మలా ఉందని చూసినవాళ్లంతా అంటారు. నిజమే. ఆరు నెలల పసిదానికి నిటారుగా నిలబడే వెన్ను ఉండదు. కానీ చిన్న చెయ్యి తల్లి గుండెల వైపు చాచి ఉంది, తల్లి రెండు చేతులూ ఆ నడుమును పట్టుకుని ఉన్నాయి. ఇద్దరి ముఖాల్లో భావం పెద్దగా లేకపోయినా ఆ చేతుల్లో ఉంది. బొమ్మ మొత్తంలో వస్తువుల జాబితాకు లొంగనిది అదొక్కటే. అది కూడా రెండో విడతలో వచ్చి చేరినదే.

ఆ రంగులు ఆరేసరికి కుటుంబం కథ మారిపోయింది. 1675లో బోస్టన్ రేవులో ఒక ఓడలో పేలుడు జరిగి జాన్ ఫ్రీక్ చనిపోయాడు. ఎలిజబెత్‌కు అప్పటికి దాదాపు ముప్పై మూడేళ్లు. భర్త ఓడల వాటాలతో సహా ఆస్తినంతా లెక్క కట్టింది ఈ మరణం వల్లే. బొమ్మలోని వైభవం వెనక ఏముందో ఇవాళ మనకు తెలిసింది ఆ లెక్క పుణ్యమాని. వలస చట్టాల ప్రకారం వితంతువుకు భర్త భూముల్లో మూడో వంతు జీవితకాలం అనుభవించే హక్కు ఉండేది. అదే ఏడాది జూన్‌లో వలసదారులకూ మూలవాసులకూ మధ్య కింగ్ ఫిలిప్ యుద్ధం మొదలైంది. ఫిలిప్ అన్నది మూలవాసుల నాయకుడికి ఇంగ్లిషువాళ్లు వాడిన పేరు. న్యూ ఇంగ్లండ్ చరిత్రలో అంత నెత్తురు పారిన యుద్ధాలు తక్కువ. దేవుడికి ఎందుకు కోపం వచ్చిందని వెతుక్కుని, నవంబరులో జనరల్ కోర్టు కొన్ని కొత్త చట్టాలు చేసింది. మగవాళ్లు పొడుగు జుట్టు పెంచడం, బట్టల్లో ఆడంబరం ఆ పాపాల జాబితాలో ఉన్నాయి. ఫ్రీక్ దంపతుల బొమ్మలు గోడకెక్కి పట్టుమని ఐదేళ్లు కాలేదు.

ఎలిజబెత్ 1677లో ఎలీషా హచిన్సన్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన నాయనమ్మ ఆన్ హచిన్సన్‌ను మతబోధల మీద ప్రశ్నలు లేవనెత్తినందుకు ఇదే కాలనీ 1638లో వెళ్లగొట్టింది. రెండు తరాలు గడిచేసరికి ఆ కుటుంబం మళ్లీ ఊరి పెద్దల్లో చేరింది. డబ్బూ, కాలమూ రెండూ కలిస్తే మతభేదాలు ఎలా చల్లారతాయో చూడాలంటే హచిన్సన్ల కథ చదవాలి. ఎలిజబెత్ 1713లో చనిపోయింది. ఒడిలోని పాప మేరీ 1752 దాకా బతికింది. రెండు బొమ్మలూ 1960లలో వూస్టర్ మ్యూజియం చేతికి వచ్చాయి.

చిత్రకారుడి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఈ బొమ్మ పేరునే ఆయనకు పెట్టి ఫ్రీక్ లిమ్నర్ అని పిలుస్తారు. లిమ్నర్ అంటే ఆ కాలపు మాటలో బొమ్మలు గీసేవాడు. ఇలాంటి వాళ్లకు మనుషుల బొమ్మలు గీయడం ఒక్కటే బతుకుదెరువు కాదు. దుకాణాల బోర్డులు, వంశ చిహ్నాలు, అంత్యక్రియల అలంకరణలు కూడా రాసేవాళ్లు. సంతకం పెట్టే అలవాటు లేదు. ఇదే చేతి పనిగా భావించే బొమ్మలు పది దాకా ఉన్నాయి. శామ్యూల్ క్లెమెంట్ అనే ఆయన కావచ్చని ఒక అభిప్రాయం ఉంది, తిరుగులేని ఆధారం లేదు. ఆ అభిప్రాయంలో ఆకర్షణ ఏమిటంటే, శామ్యూల్ తండ్రి ఆగస్టిన్ క్లెమెంట్ ఇంగ్లండులో రంగుల పని నేర్చుకుని వలస వచ్చినవాడు.

బొమ్మ శైలి కూడా అటువైపే చూపిస్తుంది. నీడలు దాదాపు లేవు. శరీరానికి గుండ్రని నిండుదనం లేదు. గౌను మడతలు గీతలుగా ఉన్నాయి. వెలుగు ఒక దిక్కు నుంచి వచ్చి ముఖం మీద పడదు, అన్నిచోట్లా సమంగా పరుచుకుని ఉంటుంది. 1670లలో లండన్ దర్బారులో పీటర్ లీలీ మత్తు కళ్లతో, జారిపోయే పట్టుబట్టలతో దొరసానుల్ని గీస్తున్నాడు. హాలెండ్‌లో వెర్మేర్ కిటికీ వెలుగు గీస్తున్నాడు. బోస్టన్ బొమ్మ ఆ రెంటికీ దూరంగా, నూరేళ్ల వెనక ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లిషు పద్ధతికి దగ్గరగా ఉంది. ఆ రాణి నీడ పడని ముఖాన్ని ఇష్టపడేది. నగలనూ లేసునూ గీతగీతగా గీసే పద్ధతి ఆ దర్బారులోనే బలపడింది. లండన్‌లో ఫ్యాషన్ మారాక కూడా చిన్న ఊళ్ల పనివాళ్లు దాన్నే నేర్చుకుని, దాన్నే ఓడెక్కించి తెచ్చారు. కాబట్టి చాలామంది అనేసినట్టు ఇది చేతకాని బొమ్మ కాదు, పాత బడిలో నేర్చిన బొమ్మ. పైగా గీయించుకున్నవాళ్ల అవసరానికి ఆ పద్ధతే సరిపోయింది. లీలీ పద్ధతిలో నీడల్లో సగం లేసు మునిగిపోయేది. గజం ఎంత ఖరీదో తెలిసిన వర్తకుడు దానికి ఒప్పుకోడు.

ఆ పద్ధతి బోస్టన్‌లో ఎక్కువ కాలం నిలవలేదు. వూస్టర్ మ్యూజియంలోనే 1680 ప్రాంతపు మరో బొమ్మ ఉంది, థామస్ స్మిత్ అనే నావికుడు తనను తాను గీసుకున్నది. ముఖం మీద ముడతలు, బుగ్గల కింద నీడ, చేతి కింద పుర్రె, పుర్రె కింద పద్యం రాసిన కాగితం, కిటికీలోంచి దూరంగా సముద్ర యుద్ధం. మెడ దగ్గర ఆయనకూ లేసే ఉంది. కాకపోతే అది గీతలుగా కాక, వెలుగులో తేలే తెల్లటి గుడ్డలా ఉంది.